నీళ్ళు లేని రాయి

కొల్లేరు చూడటానికి వెళ్ళేవాళ్ళు పక్షుల కోసం వెళతారు. నేను ఒక మాట తిరిగి ఇచ్చి రావడానికి వెళ్ళాను. పందొమ్మిదేళ్ళు దాచుకున్న మాట.

మాది పత్తికొండ పక్కన ఒక పల్లె. తొలకరి పడగానే మా ఎర్రచేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారు. అన్నాలు మూటకట్టుకుని పొరుగు జిల్లాల నుంచి కూడా వస్తారు. వందమంది వెతికితే ఏ ఒక్కరికో దొరుకుతుంది. అలాంటి ఊరివాణ్ణి కూర్చోబెట్టి వజ్రం గురించి నలుగురిలో ఎగతాళి చేసినవాడు మా బావ సత్యనారాయణ, అంటే నా భార్య వరలక్ష్మికి అన్న.

మా మామగారు గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. సొంతూరు కొల్లేటి పక్క. బావ తిరిగి ఆ ఊరికే వెళ్ళి చేపల చెరువులు తవ్వించాడు. చెరువులు కలిసొచ్చి డాబా కట్టాడు. ఆ గృహప్రవేశానికి మేమిద్దరం వెళ్ళాం. వరలక్ష్మి ఒంటిరాయి కమ్మలు పెట్టుకుంది. అంతకు నాలుగేళ్ళ ముందు మా వైపు వ్యాపారి దగ్గర రెండు రాళ్ళు ఏరి, మా ఊరి కంసాలి చేత నేను చేయించినవి. భోజనాల బంతిలో మజ్జిగ దగ్గరికి వచ్చాక బావ చెల్లెలి చెవి దగ్గరికి వంగి చూశాడు.

“రాయిలో నీళ్ళు లేవమ్మా,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “మీ సీమలో నీళ్ళు లేవంటే సరేనండీ బావగారూ. మీ రాళ్ళల్లో కూడా లేవాండీ?”

బంతి మొత్తం నవ్వింది. రాయిలో నీళ్ళంటే దాని లోపల కదిలే మెరుపు. ఆ సంగతి నాకూ తెలుసు. జవాబు మాత్రం ఆ క్షణాన నోటికి రాలేదు. అక్కడ నవ్వినవాళ్ళలో పదకొండు మంది ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తు.

మా ఊరికి తిరిగి రాగానే వరలక్ష్మి కమ్మలు తీసి కుంకుమ భరిణలో పెట్టేసింది. మళ్ళీ పెట్టుకోలేదు. అడిగినప్పుడల్లా “ఇప్పుడెందుకులెండి” అనేది.

నేను తూనికలు కొలతల శాఖలో పనిచేసి ఈ ప్రయాణానికి ముందటేడు రిటైరయ్యాను. చేతికి డబ్బు రాగానే ఒక నిర్ణయానికొచ్చాను. బావ ఊరికి దగ్గరి పట్నమైన ఏలూరులోనే, మరెక్కడా కాదు, నీళ్ళున్న వజ్రాలు కొని, వరలక్ష్మి చెవులకు పెట్టించి, బావ ఎదురుగా కూర్చోబెట్టాలి. ఆర్నెల్లు దొరికిన పుస్తకమల్లా చదివాను. పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం కొన్నాను. పాత కమ్మల్ని మార్పిడికి పనికొస్తాయని లోపలి జేబులో వేసుకున్నాను. శివరాత్రి వెళ్ళిన వారం బయల్దేరాం.

అండీల ఊరు

ఏలూరులో దిగగానే మొదట వినిపించేది అండీ. టీ అమ్మేవాడు అండీ, చిల్లర లేదనేవాడు అండీ. మా వైపు మనిషికి కోపమొస్తే ముఖం మీద అనేస్తాడు, దాంతో తీరిపోతుంది. ఇక్కడ కోపం వచ్చిందో లేదో కూడా తెలియదు. ఆటో ఎక్కితే రెండు వీధుల దూరానికి ముప్పై అడిగాడు. ఇదేం న్యాయమప్పా అంటే, “మీరు పెద్దవారండీ, మీ ఇష్టమండీ,” అంటూ చాచిన చెయ్యి చాచినట్టే ఉంచాడు. ముప్పయ్యీ ఇచ్చి దిగాను.

టిఫిను బాగుందని ఒప్పుకోవాలి. పెసరట్టులో ఉప్మా పెట్టి పద్నాలుగు రూపాయలు. అల్లం పచ్చడిలో బెల్లం ఎక్కువ. పచ్చడి కూడా మెత్తగా మాట్లాడాలి కాబోలు ఈ ఊళ్ళో. సంగటి తిని పెరిగిన నాలుకకు అది పచ్చడిలా అనిపించలేదు.

నగల దుకాణంలో “వజ్రం కమ్మలు చూపీప్పా” అన్నాను. కౌంటరు మీది సేల్స్‌మన్ “రవ్వల దుద్దులాండీ?” అని అడిగాడు. మా ఇంట్లో రవ్వంటే ఉప్మా. నేను ఆ మాటే అన్నాను. అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కూర్చోగానే ముందు కాటా మీద ప్రభుత్వ ముద్ర ఉందో లేదో చూశాను. ఉంది. ముద్ర తాజాదే. వజ్రాన్ని సెంట్లలో తూస్తారు, నూరు సెంట్లు ఒక క్యారెట్టు. ఒక్కొక్కటి పావు క్యారెట్టు ఉన్న రాళ్ళ జత ఇరవయ్యారు వేలన్నాడు. అర క్యారెట్టు రాళ్ళ జత డెబ్బయ్యయిదు వేలన్నాడు. బరువు రెండింతలైతే ధర మూడింతలు ఎట్లయిందని అడిగాను. పెద్ద రాయి దొరకడం తక్కువండీ అన్నాడు. ముప్పై మూడేళ్ళు తూకమే ధర్మమనుకుని బతికినవాడికి అది మింగుడుపడే మాట కాదు. కానీ నిజమేనట. వజ్రం దగ్గర కాటా చెప్పేది సగమే. మిగతా సగం రంగు, లోపలి మచ్చలు, కోత చెబుతాయి.

ఇక్కడ చదివేవాళ్ళకొక సంగతి చెప్పాలి. నగల దుకాణంలో రాయి మీద పడే దీపాలు మామూలు దీపాలు కావు. వాటి కింద గాజుపెంకు కూడా మెరుస్తుంది. రాయిని పగటి నీడలో, తెల్లకాగితం మీద బోర్లా పెట్టి చూడాలి. నేను అదే అడిగాను. బయటికి తీసుకెళ్ళకూడదండీ, రూలండీ అన్నారు. నేను లేవలేదు. అరగంట తర్వాత మేనేజరు వచ్చి, రాయిని తానే పట్టుకుని, గుమ్మం దాకా నాతో నడిచాడు. తెల్లకాగితం మీద పెట్టగానే పసుపు ఛాయ తేలింది. భూతద్దంలో చూస్తే ఒక అంచున నల్లటి చుక్క. వాళ్ళిచ్చే సర్టిఫికెట్‌లో దాని ఊసే లేదు. ఉండదు కూడా, ఆ సర్టిఫికెట్ రాసింది వాళ్ళ దుకాణమే. చుక్కను చూపించాను.

“ఆ మాత్రం ఉంటాయండీ,” అన్నాడు మేనేజరు. “మనుషుల్లో లేవాండీ?”

ఆ ధరకు ఆ రాయి వద్దనుకుని పాత కమ్మలు బయటికి తీశాను. సేల్స్‌మన్ వాటిని వేళ్ళతో కూడా ముట్టుకోలేదు, పట్టకారుతో ఎత్తి తిప్పి చూశాడు. వెనక మూసేసిన కట్టు కాబట్టి రాయికి లెక్కకట్టలేమని, బంగారానికైతే పాత రేటు ఇస్తామని చెప్పాడు. అంతవరకు ఊరుకునేవాణ్ణే. పక్కవాడికి అందిస్తూ గొంతు తగ్గించి, “నీళ్ళు లేవు,” అన్నాడు.

వరలక్ష్మి నా పక్కనే ఉంది. వినలేదన్నట్టు అద్దాల బీరువా వైపు చూస్తోంది.

అదే కౌంటరు దగ్గర ఒక కుటుంబం ఉంగరం రాయిని కొనకుండానే గుడ్డలో చుట్టుకుని ఇంటికి తీసుకెళుతోంది. ఇదేమిటని అడిగితే మూడు రోజులు ఇంట్లో ఉంచి చూస్తారట. ఆ మూడు రోజుల్లో చెడు జరిగితే రాయి పడలేదని తిరిగి ఇచ్చేస్తారు, మంచి జరిగితే పడిందని కొంటారు. నాకు నవ్వొచ్చింది. మా వైపు రాయి దొరకడమే అదృష్టం, దాన్ని పరీక్ష పెట్టేవాడెవడు? వరలక్ష్మి మాత్రం నవ్వలేదు. “అమ్మ కూడా అట్లే చూసేది,” అంది. “తలగడ కింద పెట్టుకునేది.”

సలహాల పుస్తకం అడిగి తీసుకుని రెండు పేజీలు రాసి వచ్చాను. జవాబు రాలేదు.

గూడెం ఆచారిగారు

మర్నాడు పాసింజరు రైల్లో మా ఎదుట ఒక పెద్దావిడ కూర్చుంది. కరుణమ్మ టీచరు, మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చెవులకు ఆవగింజంత రాళ్ళు. దెందులూరు దాటేదాకా నేను ఏలూరు దుకాణం సంగతంతా చెబితే ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నారు. ఈ జిల్లాలో నాకు దొరికిన మర్యాదల్లో అదొక్కటే లెక్కలోకి వస్తుంది. కిటికీ అవతల దాళ్వా వరి, అంటే వీళ్ళ రెండో పంట, పచ్చగా కళ్ళు పొడుస్తోంది. ఇన్ని నీళ్ళు ఒక్క చోట పోసిన దేవుడి మీద కూడా నాకు ఫిర్యాదుంది.

“గూడెంలో వీరభద్రాచారి గారని, రాళ్ళు పొదుగుతారండీ,” అన్నారు టీచరు. “ఆయన కొనరు, అమ్మరు. అందుకని అబద్ధం చెప్పాల్సిన పని లేదండీ ఆయనకి.”

వజ్రం కొనేవాళ్ళకు నేను చదివిన పుస్తకాలన్నిటికంటే పనికొచ్చిన మాట అది. భీమవరం వెళ్ళి గుడి చూసి కొల్లేరు పోదామన్న ఆలోచన మానుకుని తాడేపల్లిగూడెంలో దిగిపోయాం.

ఆచారిగారి కొట్టు బియ్యం మిల్లుల వీధిలో ఉంది. తవుడు దుమ్ము గాలిలో తేలుతూ, వీధిన పోయేవాడి కనుబొమ్మల మీద కూడా వాలుతుంది. డెబ్బై దాటిన మనిషి, గోనెపట్టా మీద కూర్చుని, ఒక కంటికి అద్దం బిగించుకుని ఉన్నారు. కమ్మల్ని వెనక్కి తిప్పి చూసి, “తెరవమంటారాండీ?” అని వరలక్ష్మిని అడిగారు. నన్ను అడగలేదు. తెరవండి అంది.

వెనక బంగారు మూత లేపాక లోపల నల్లటి ముద్ద కనిపించింది. రాయి మెరవాలని మా ఊరి కంసాలి అడుగున వెండి రేకు పెట్టాడట. స్నానాల నీళ్ళు, సబ్బు, పసుపు, నూనె లోపలికి దిగి రేకు నల్లబడింది. రాయి కింద మసి పూసినట్టయింది. ఆయన రాళ్ళు ఊడదీసి కుంకుడు రసంలో వేసి కాచారు. మెత్తటి కుంచెతో తోమారు. తర్వాత రాయిని న్యూస్‌పేపరు అక్షరాల మీద బోర్లా పెట్టి నన్ను చూడమన్నారు. గాజైతే అక్షరం ఆనవాలు పడుతుంది. ఒక్క గీత కూడా కనిపించలేదు. నోటితో ఆవిరి ఊదితే రెప్పపాటులో పోయింది. ఈ రెండూ ఇంటి పరీక్షలే, వీటినే నమ్ముకుని కొనకండని కూడా చెప్పారు. చివరికి చూరు నీడలోకి తీసుకెళ్ళి అరచేతిలో తిప్పారు.

నేను చూశాను. చిన్న రాయిలో అంత కదలిక ఉంటుందని నాకు తెలియదు. కొన్నవాణ్ణి నేనే, కొన్ననాడు కూడా చూశాను, కానీ ఇలా చూడలేదు.

“మొదటి తరగతి నీళ్ళండీ,” అన్నారు ఆచారిగారు. “కోత బాగుంది. మచ్చ లేదు. మీకు ఏలూరులో చూపించిన వాటికంటే మంచివండీ.”

“మా బావ నీళ్ళు లేవన్నాడు,” అన్నాను.

“ఆయన చూసింది నిజమేనండీ. మూసేసిన రాయికి వెలుగెక్కడి నుంచి వస్తుందండీ? అప్పుడే తీసి కడిగించుంటే సరిపోయేది. ఎన్నాళ్ళు పెట్టెలో ఉన్నాయండీ?”

పందొమ్మిదేళ్ళని చెప్పాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. బావ చూసింది నిజమేనన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. నిజమైతే మాత్రం బంతిలో అనాలా?

వెనక తెరిచి ఉండేలా కట్టు మార్చి సాయంత్రానికి ఇచ్చారు. కూలి రెండింటికీ కలిపి మూడు వందలు. బేరమాడలేదు, ఆడే అవకాశం ఆయన ముఖంలో లేదు. అక్కడే పెట్టుకోమని వరలక్ష్మిని అడగబోయి మానుకున్నాను. “బావ ఎదురుగా పెట్టుకుందువులే,” అన్నాను. ఆమె కమ్మల్ని చేతిరుమాలు మడతలో పెట్టి కొంగున ముడేసుకుంది.

తెగిన గట్లు

ఏలూరు వచ్చి కైకలూరు బస్సెక్కితే దారిలోనే కొల్లేరు మొదలవుతుంది. అద్దంలాంటి పెద్ద సరస్సు కనిపిస్తుందనుకుని వెళ్ళేవాళ్ళు నాలాగే మోసపోతారు. రెల్లు, తూటికాడ, బురద, మధ్యమధ్య నీటి ముక్కలు. గూడబాతులు పెద్ద సంచుల్లాంటి గొంతులేసుకుని, ఆఫీసులో పని లేని గుమాస్తాల్లా కూర్చుని ఉంటాయి. బస్సులో ఒకాయన వాటికోసమే చెరువులు కొట్టేశారండీ అన్నాడు. సరస్సును మళ్ళీ సరస్సుగా చెయ్యాలని కిందటేడు చేపల చెరువుల గట్లను యంత్రాలతో తెగ్గొట్టారట. బావ ఉత్తరాల్లో ఈ సంగతి రాసినట్టు గుర్తు. అంత శ్రద్ధగా నేను చదవలేదు.

బస్సు దిగి గట్టు మీద ఆటోలో కొంత దూరం వెళ్ళాక దారి తెగిపోయి ఉంది. గండి దగ్గర దిగి నడవాలి. బురద ఆరినట్టే కనిపించింది. మూడో అడుగులో నా కుడి కాలు మోకాలి దాకా దిగిపోయింది. కాలొచ్చింది కానీ చెప్పు రాలేదు. కొత్త చెప్పులు, ఈ ప్రయాణం కోసమే కొన్నాను. వరలక్ష్మి గట్టు అంచున గడ్డి మీద అడుగులేస్తూ అవతలికి చేరుకుని నా కోసం నిలబడింది. ఎక్కడ కాలు పెట్టాలో పుట్టింటివాళ్ళకు తెలుసు. నాకు చెప్పలేదు. తర్వాత అడిగితే, మీరు ముందు నడిచారు కదండీ అంది.

అలా, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి కొల్లేటి బురదతో, పందొమ్మిదేళ్ళ తర్వాత బావ గుమ్మంలో నిలబడ్డాను.

డాబాకు సున్నం పోయింది. వరండాలో చేపల మేతకు తెచ్చిన తవుడు బస్తాలు ఖాళీవి మడతపెట్టి ఉన్నాయి. పడవ పెరట్లో బోర్లా పడుకుంది. బావ సగమయ్యాడు. “రండి బావగారూ, రామ్మా,” అంటూ చెంబు తీసుకుని, నా కాలు చూసి, తానే వంగి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. వద్దన్నాను, వినలేదు. వేళ్ళ సందుల్లో బురద పోయేలా పోస్తున్నాడు. వంగిన తల మీద జుట్టంతా తెల్లగా ఉంది. ఈ మాటకు ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది.

“ఇప్పుడు నీళ్ళు ఎవరికి లేవు బావా?” అన్నాను.

“మాకేనండీ,” అన్నాడు తలెత్తకుండా. చెంబు మళ్ళీ ముంచుకుని రెండో కాలి మీద కూడా పోశాడు.

నేను ఏ మాట తిరిగిచ్చానో అతనికి తెలియనే లేదు. చెరువుల సంగతి అడిగాననుకున్నాడు. గట్లు ఏ పొద్దున తెగిందీ, చేప పట్టుకునే వ్యవధి కూడా లేక ఎంత పోయిందీ చెప్పుకుంటూ వచ్చాడు. నేను ఆగలేక వరలక్ష్మి కొంగుముడి విప్పించి కమ్మలు అతని చేతిలో పెట్టాను. వరండా అంచుకు తీసుకెళ్ళి నీడలో పట్టుకుని చూశాడు. ఎక్కడ చూడాలో తెలిసిన మనిషే.

“బ్రహ్మాండమైన నీళ్ళండీ. ఎక్కడ కొన్నారండీ?”

గృహప్రవేశం, బంతి, మజ్జిగ, సీమ, అన్నీ వరసగా చెప్పాను. ఎవరెవరు నవ్విందీ పేర్లతో చెప్పాను. బావ చాలాసేపు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఆ కష్టం ముఖంలో కనిపించింది.

“నేనన్నానాండీ?” అన్నాడు. “అనే ఉంటానండీ. చేతిలో నాలుగు డబ్బులు ఆడేవి అప్పుడు, నోరు ఊరుకునేది కాదు. తప్పేనండీ. మనసులో పెట్టుకోకండి.”

అననే లేదని బుకాయిస్తే చెప్పడానికి నా దగ్గర పందొమ్మిదేళ్ళుగా సాన పట్టిన జవాబులున్నాయి. ఒప్పుకుంటే ఏం చెప్పాలో మాత్రం ఆలోచించుకుని రాలేదు. వరలక్ష్మి వైపు తిరిగి, “ఇంకేం, ఒప్పుకున్నాడు కదా. పెట్టుకో,” అన్నాను.

ఆమె పెట్టుకోలేదు.

“అన్నయ్య అన్నదానికి తీశాననుకున్నారా నేను?” అంది. గొంతు పెంచలేదు. “అన్నయ్య ఒకసారే అన్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో గుంతకల్లు దాకా మీరు అదే మాట. ఇవి చెవులకుంటే మీకు కనబడతాయి, కనబడితే మళ్ళీ మొదలుపెడతారు. అందుకని తీసేశాను.”

బావ చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అన్నాలప్పుడు బావ భార్య మంగతాయారు చిన్నచేపల పులుసు చేసింది. కొరమీను పెట్టాల్సింది అన్నయ్యగారికి అని నొచ్చుకుంది. పులుసు బాగుంది, ముళ్ళు ఎక్కువ. ఆమె వడ్డించడానికి వంగినప్పుడు చూశాను. గృహప్రవేశం నాడు ఆమె చెవులకు ఏడురాళ్ళ దుద్దులుండేవి, నాకు బాగా గుర్తు. ఇప్పుడు కుట్లు పూడుకుపోకుండా చెరొక వేపపుల్ల పెట్టుకుంది. నేను చూశానంటే వరలక్ష్మి అంతకు ముందే చూసి ఉంటుంది.

బయల్దేరేటప్పుడు వరలక్ష్మి చేతిరుమాలు విప్పి కమ్మలు వదిన చేతిలో పెట్టింది.

“ఇవి నాకు పడలేదు వదినా. నీకు పడతాయేమో మూడు రోజులు పెట్టుకుని చూడు.”

మంగతాయారు భర్త వైపు చూసింది. బావ తెగిన గట్టు వైపు చూస్తున్నాడు. ఆమె వేపపుల్లలు ఒక్కొక్కటే తీసి, కమ్మలు పెట్టుకుని, శీలలు బిగించుకుంది. వరండా నీడలో రెండూ కదిలాయి. ఆచారిగారు చెప్పింది నిజమే.

“మూడు రోజులంటే ఎట్ల? మన రిజర్వేషను రేపు కదా,” అన్నాను. నా మాట ఎవరికీ వినపడినట్టు లేదు. బావ తన చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టాడు. అవి నాకు ఒక సైజు పెద్దవి. గండి దాటేటప్పుడు ఈసారి వరలక్ష్మి వెనకే నడిచాను.

ఇది జరిగి పద్నాలుగు నెలలయింది. బావ దగ్గర్నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. కొత్తగా రొయ్యల పనికి కుదిరాడట, మంగతాయారు మోకాలి నొప్పి తగ్గిందట, మా ఆరోగ్యాలు జాగ్రత్తట. కమ్మలు పడ్డాయో పడలేదో ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. వరలక్ష్మిని అడిగితే, మూడు రోజులు ఇంకా అవలేదేమోనండీ అంటుంది.